ఊరుమ్మడి తరంగం

గాలిలో దారులు: 7వ భాగం

గత ఆరు భాగాల్లో మనం చూసిన రేడియో కథంతా మనుషుల కోసం నడిచింది. కలకత్తాలో 1895లో జగదీశ్ చంద్ర బోస్ గోడల అవతల గంట మోగించినా, మార్కోనీ సముద్రం మీదుగా సంకేతాలు పంపినా, ఆకాశవాణిలో వార్తలు చదివినా చివరికి వినేది మనిషే. ఈ భాగం నుంచి యంత్రాలు యంత్రాలతో మాట్లాడుకోవడం మొదలవుతుంది. బయటి నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే జేబులోని ఫోను ఇంటి వైఫైని అందుకుంటుంది. ఆ చిన్న పని వెనక యాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. అది హవాయి దీవుల్లో మొదలై, వాషింగ్టన్‌లోని ఓ ప్రభుత్వ కార్యాలయంలో మలుపు తిరిగి, హాలండ్‌లో దుకాణాల క్యాష్ కౌంటర్ల కోసం పెరిగి, ఆస్ట్రేలియా ఖగోళ శాస్త్రవేత్తల చేతుల్లో పదునెక్కి, మన పశ్చిమ గోదావరి దాకా వచ్చింది.

ముందు హవాయి సంగతి. అక్కడి విశ్వవిద్యాలయం ఒక్క ఊళ్లో లేదు. ప్రధాన ప్రాంగణం ఒవాహు దీవిలో హోనొలులు పక్కనున్న మానోవా లోయలో ఉంది. మరో కళాశాల హవాయి దీవిలోని హీలోలో, ఇంకొన్ని మిగతా చోట్ల ఉన్నాయి. కంప్యూటరేమో మానోవాలో, ఐబీఎం వారి 360. కంప్యూటరంటే గది నిండా ఉండే యంత్రమైన రోజులవి. దూరాన ఉన్నవాళ్లు టెలిఫోను తీగతో టెర్మినల్ తగిలించుకుని దాన్ని వాడుకునేవారు. హవాయిలో ఫోను లైన్లు ఖరీదెక్కువ, నాణ్యత అంతంతమాత్రం. దీవికీ దీవికీ మధ్య సముద్రం. 1968లో నార్మన్ అబ్రామ్సన్ అనే ఆచార్యుడు, ఫ్రాంక్లిన్ కువో తదితర సహచరులతో కలిసి, తీగల జోలికి పోకుండా రేడియోతోనే ఈ పని చేద్దామని పూనుకున్నాడు. అబ్రామ్సన్‌కు సముద్రపు అలల మీద సర్ఫింగ్ అంటే ప్రాణం, హవాయి మీద మనసు పడటానికి అదీ ఓ కారణం.

రేడియోతో పంపడం కొత్త కాదు. ఒకే పౌనఃపున్యం మీద ఎంతోమంది పంపాలంటే ఎవరి వంతు ఎప్పుడన్నదే చిక్కు. అప్పటిదాకా తెలిసిన పద్ధతి వాటాలు వేయడం: నీకు ఈ పౌనఃపున్యం, నాకు ఆ పౌనఃపున్యం, లేదా నీకు ఈ క్షణం, నాకు ఆ క్షణం. కానీ టెర్మినల్ ముందు కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? ఓ వరుస టైపు చేసి, ఆలోచించి, తల గోక్కుని, మళ్లీ ఓ వరుస కొడతాడు. అతని వాటా నూటికి తొంభై పాళ్లు ఖాళీగా పడి ఉంటుంది. అబ్రామ్సన్ వాటాలే తీసేశాడు. ఎవరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు పంపేయొచ్చు. ఒక్కో ప్యాకెట్లో, అంటే ఒక్క విడతలో పంపే ముక్కలో, 80 అక్షరాలు. అది సరిగ్గా అందితే మానోవా కేంద్రం ‘అందింది’ అని చిన్న జవాబు పంపుతుంది. అదే సమయానికి ఇంకెవరైనా పంపితే రెండు ప్యాకెట్లూ గాల్లో కలగలిసి పాడైపోతాయి, జవాబు రాదు. జవాబు రాకపోతే కాసేపు ఆగి మళ్లీ పంపాలి.

ఆ ‘కాసేపు’లోనే అసలు తెలివంతా ఉంది. ఢీకొన్న ఇద్దరూ సరిగ్గా ఒకే సమయం ఆగి మళ్లీ పంపితే మళ్లీ ఢీకొంటారు, అలా జన్మంతా ఢీకొంటూనే ఉంటారు. అందుకని ఎవరికి వారు లెక్కా పత్రం లేకుండా, తోచినంత సేపు ఆగాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అవుతారు, దారి దొరుకుతుంది. 1971 జూన్‌లో ఈ వ్యవస్థ పనిచేయడం మొదలుపెట్టింది. టెర్మినళ్ల నుంచి కేంద్రానికి 407.350 మెగాహెర్ట్జ్ మీద, కేంద్రం నుంచి టెర్మినళ్లకు 413.475 మీద, సెకనుకు 9,600 బిట్ల వేగంతో. పేరు అలోహానెట్.

లెక్కల ప్రకారం చూస్తే ఇది దుబారా పద్ధతే. ఎంత బాగా నడిచినా ఆ పౌనఃపున్యం సామర్థ్యంలో 18 శాతానికి మించి వాడుకోలేం, మిగతాదంతా ఖాళీకో ఢీకొట్టుకోవడానికో పోతుంది. కానీ ఇందులో పెత్తనం చేసేవాడు లేడు, వంతుల పట్టీ లేదు, కొత్తవాడు వచ్చి చేరాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ గుణం ముందు ఆ దుబారా చిన్నదని కాలం తేల్చింది. అబ్రామ్సన్ రాసిన పత్రం చదివిన బాబ్ మెట్‌కాఫ్ అనే యువకుడు కాలిఫోర్నియాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో 1973లో దీన్నే తీగల మీదకు తెచ్చి, ‘పంపే ముందు విను’ అనే నియమం జోడించాడు. అదే ఈథర్నెట్. ఆఫీసుల్లో కంప్యూటర్లను కలిపే నీలం తీగల మూలపురుషుడు అలా ఓ రేడియో.

ఇక్కడికి యంత్రాలకు మాట్లాడుకునే మర్యాద తెలిసింది. మాట్లాడుకోవడానికి చోటు మాత్రం లేదు. ఎందుకంటే ఏ దేశంలోనైనా రేడియో పౌనఃపున్యం ప్రభుత్వపు సొత్తు. లైసెన్సు లేనిదే ట్రాన్స్‌మిటర్ నడపడం అప్పట్లో దాదాపు అన్నిచోట్లా నేరం. సైన్యానికి ఇంత, విమానాలకు ఇంత, టీవీకి ఇంత అని గీతలు గీసి పంచేశారు. సామాన్యుడు తన గదిలో రెండు యంత్రాల్ని గాలి మీదుగా కలుపుకోవాలంటే సర్కారు దగ్గరకు వెళ్లి దరఖాస్తు పెట్టాల్సి వచ్చేది.

ఈ పంపకంలో ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయిన ముక్కలు కొన్ని ఉన్నాయి. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో వాటిని పరిశ్రమలకు, శాస్త్ర పరికరాలకు, వైద్య యంత్రాలకు వదిలిపెట్టారు. అంటే సమాచారం పంపడానికి కాదు, వేడి పుట్టించడానికి. మైక్రోవేవ్ ఓవెన్ వీటిలోనిదే. రేథియాన్ కంపెనీలో రాడార్ గొట్టాల మీద పనిచేసిన పెర్సీ స్పెన్సర్ ఆలోచన అది. ఆ ఓవెన్ నడిచేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. నీటి అణువు సరిగ్గా ఆ పౌనఃపున్యం దగ్గరే ఊగుతుంది కాబట్టి దాన్ని ఎంచుకున్నారని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది, అది నిజం కాదు. నీరు ఇంకా చాలా పౌనఃపున్యాల దగ్గర వేడెక్కుతుంది. ఓవెన్లకు ఆ ముక్క కేటాయించారు, అంతే. ఓవెన్లూ కండరాల నొప్పులకు కాపడం పెట్టే యంత్రాలూ ఇష్టం వచ్చినట్టు గోల చేసే ఆ ముక్కలో మాట్లాడాలని ఎవరూ ఆశపడలేదు. రేడియో ఇంజనీర్లు వాటిని చెత్త బ్యాండ్లనే పిలిచేవారు.

అమెరికాలో సమాచార వ్యవస్థల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీలో మైకేల్ మార్కస్ అనే ఇంజనీరుకు ఆ చెత్తలో విలువ కనిపించింది. సైన్యం అప్పటికే వాడుతున్న ‘స్ప్రెడ్ స్పెక్ట్రమ్’ పద్ధతిలో సంకేతాన్ని ఒక్కచోట గట్టిగా పంపకుండా విశాలమైన పౌనఃపున్యాల మీద పలచగా పరుస్తారు. మధ్యలో ఎక్కడో ఓవెన్ గోల చేసినా మిగతా భాగం నుంచి సమాచారాన్ని పోగు చేసుకోవచ్చు. చెత్త బ్యాండ్ల జబ్బుకు సరిగ్గా సరిపోయే మందు ఇదే. ఎఫ్‌సీసీ 1981లో దీని మీద అభిప్రాయాలు అడిగింది. అప్పటికే పౌనఃపున్యాలు చేతిలో ఉన్న పెద్ద సంస్థలు అడ్డం తిరిగాయి. నాలుగేళ్లు వాదనలు నడిచాక 1985 మే 9న నిర్ణయం వెలువడింది: 902 నుంచి 928 మెగాహెర్ట్జ్, 2400 నుంచి 2483.5, 5725 నుంచి 5850, ఈ మూడు ముక్కల్లో ఒక వాటు శక్తికి లోబడి ఎవరైనా లైసెన్సు లేకుండా స్ప్రెడ్ స్పెక్ట్రమ్ పరికరాలు వాడుకోవచ్చు. మిగతావాళ్ల వల్ల అంతరాయం కలిగితే మాత్రం ఓర్చుకోవాలి, ఫిర్యాదు చేసే హక్కు లేదు.

మన పల్లెల్లో ఊరుమ్మడి భూమి ఉండేది. ఎవరి పట్టాలోనూ లేని చోటు, ఎవరి గొడ్లయినా మేయొచ్చు, ఒకరు కంచె వేయడానికి వీల్లేదు. 1985 నిర్ణయం ఆకాశంలో అలాంటి ఊరుమ్మడిని ఏర్పాటు చేసింది. వైఫై చరిత్రలో అన్నిటికంటే పెద్ద ఘట్టం ఏ ప్రయోగశాలలోనూ జరగలేదు, ఈ కాగితం మీద జరిగిందని నా గట్టి నమ్మకం. యంత్రం తర్వాత ఎవరో ఒకరు చేసేవారే. చోటు ఇచ్చేవాడు లేకపోతే ఎంత గొప్ప యంత్రమైనా ప్రదర్శనశాలలో ఉండిపోయేది.

ఇక్కడ ఓ మాట చెప్పి ముందుకు వెళ్తాను. హాలీవుడ్ నటి హెడీ లమార్ వైఫైని కనిపెట్టిందని సామాజిక మాధ్యమాల్లో తరచూ తిరుగుతుంటుంది. ఆమె, సంగీతకారుడు జార్జ్ యాంటైల్ కలిసి 1942లో అమెరికన్ పేటెంటు పొందిన మాట నిజం. టార్పెడోకు పంపే ఆదేశాన్ని శత్రువు చెడగొట్టకుండా 88 పౌనఃపున్యాల మధ్య గెంతించే పథకం అది. ఆలోచన అద్భుతం, ఆమె తెలివికి దక్కాల్సిన గౌరవం ఆలస్యంగా దక్కింది. కానీ మనం రోజూ వాడే వైఫై అలా గెంతదు. ఆమెను గౌరవించడానికి లేని సంబంధాన్ని అంటగట్టనవసరం లేదు.

అమెరికా తలుపు తీస్తే మొదట లోపలికి అడుగుపెట్టింది క్యాష్ రిజిస్టర్లు తయారుచేసే ఎన్‌సీఆర్ కంపెనీ. పెద్ద దుకాణాల్లో సరుకుల అరలు మార్చినప్పుడల్లా కౌంటర్లు జరపాలి, జరిపినప్పుడల్లా నేల తవ్వి తీగలు మళ్లీ వేయాలి. ఆ ఖర్చు తప్పిద్దామని హాలండ్‌లోని తన ఇంజనీర్లకు పని అప్పజెప్పింది. 1990లో వాళ్లు తెచ్చిన వేవ్‌ల్యాన్ కార్డు సెకనుకు 20 లక్షల బిట్లు పంపేది. ధర వెయ్యి డాలర్లకు పైమాటే. అయితే ఒక్క కంపెనీ యంత్రం ఆ కంపెనీ యంత్రంతోనే మాట్లాడితే లాభమేముంది? అందరికీ ఒకే భాష కావాలి. ఎన్‌సీఆర్ ఇంజనీరు విక్ హేస్ దాన్ని అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం ఐట్రిపుల్‌ఈ ముందు పెట్టి, 802.11 అనే కమిటీకి 1990 నుంచి పదేళ్లు అధ్యక్షత వహించాడు. పోటీ కంపెనీల వాళ్లను ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి, ఓట్లు వేయించి, అలకలు తీర్చి, 1997లో మొదటి ప్రమాణం తెచ్చాడు. కమిటీ పని చప్పగా కనిపిస్తుంది గానీ, మీ ఫోను ఏ దేశపు విమానాశ్రయంలోనైనా పనిచేస్తోందంటే ఆ ఓపికే కారణం.

1999 జులైలో ఆపిల్ ఐబుక్ ల్యాప్‌టాప్‌తో పాటు 99 డాలర్ల కార్డు అమ్మకానికి పెట్టడంతో ఇది దుకాణాల నుంచి ఇళ్లకు చేరింది. న్యూయార్క్ వేదిక మీద స్టీవ్ జాబ్స్ ఇంటర్నెట్ నడుస్తున్న ఐబుక్ చుట్టూ పిల్లలు నడుముకు తిప్పుకునే వలయాన్ని పోనిచ్చి, తీగ ఎక్కడా లేదని చూపించాడు. అదే ఏడాది ఆరు కంపెనీలు కలిసి ఓ కూటమి కట్టి, ప్రకటనల సంస్థ చేత వైఫై అనే పేరు పెట్టించుకున్నాయి.

వేగం మాత్రం ఇంకా చాలలేదు. దానికి అడ్డుపడింది గోడలు. రౌటర్ నుంచి బయల్దేరిన తరంగం ఫోనును ఒక్క దారిలో చేరదు. నేరుగా వచ్చేది ఒకటి, గోడకు తగిలి వచ్చేది ఒకటి, ఇనప బీరువాకు కొట్టుకుని వచ్చేది మరొకటి. అన్నీ ఒకే మాట మోసుకొస్తాయి కానీ ఒకదాని వెనక ఒకటిగా వస్తాయి. నెమ్మదిగా పంపినంతసేపూ పర్వాలేదు. వేగం పెంచితే మొదటి బిట్టు ప్రతిధ్వని రెండో బిట్టు మీద వచ్చి పడి, ఏది ఏదో తెలియకుండా పోతుంది.

ఈ ముడి విప్పినవాళ్లలో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ శాస్త్రవేత్తలు ముఖ్యులు. వారి నాయకుడు జాన్ ఓసలివన్ రేడియో ఖగోళ శాస్త్రవేత్త. 1970ల్లో హాలండ్‌లోని డ్వింగెలూ రేడియో టెలిస్కోపు దగ్గర పనిచేస్తూ, పేలిపోతున్న బుల్లి కృష్ణబిలాల నుంచి రేడియో మెరుపులు వస్తాయేమోనని వెతికాడు. స్టీఫెన్ హాకింగ్ సిద్ధాంతం నుంచి పుట్టిన ఆశ అది. ఏమీ దొరకలేదు. కానీ అంతరిక్షంలో చెదిరిపోయి వచ్చే సంకేతాలను గణితంతో మళ్లీ సర్దుకునే విద్య చేతికొచ్చింది. 1990ల మొదట్లో సిడ్నీలో టెరీ పెర్సివల్, డైట్ ఆస్ట్రీ, గ్రాహం డేనియల్స్, జాన్ డీన్‌లతో కలిసి అదే విద్యను నాలుగు గోడల మధ్యకు తెచ్చాడు. సమాచారాన్ని ఒకే ప్రవాహంగా వేగంగా పంపే బదులు చాలా సన్నని పాయలుగా చీల్చి, ఒక్కో పాయలో నెమ్మదిగా పంపాలి. పాయలన్నీ ఏకకాలంలో నడుస్తాయి కాబట్టి మొత్తం వేగం తగ్గదు.

1999లో వచ్చిన 802.11ఎ ప్రమాణంలో ఇలాంటి పాయలు 52. ఒక్కో గుర్తు 4 మైక్రోసెకన్ల పాటు ఉంటుంది, అందులో 0.8 మైక్రోసెకన్లు కేవలం ప్రతిధ్వనులు సద్దుమణగడానికి వదిలిన వ్యవధి. ఆ వ్యవధిలో కాంతి 240 మీటర్లు పోతుంది. అంటే చుట్టుతిరిగి వచ్చిన తరంగం నేరుగా వచ్చినదాని కంటే అంత దూరం ఎక్కువ నడిచినా మాట చెడదు. ఇంట్లో, ఆఫీసులో అంతకు మించిన ప్రతిధ్వని దాదాపు ఉండదు. వేగం ఒక్కసారిగా 54 మెగాబిట్లకు ఎగసింది. సీఎస్‌ఐఆర్‌ఓకు 1996లో అమెరికన్ పేటెంటు వచ్చింది. కంపెనీలు రుసుము కట్టడానికి మొరాయిస్తే కోర్టుల దాకా వెళ్లి, చివరికి 43 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా రాబట్టింది. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ, కృష్ణబిలాల వేటలో నేర్చుకున్నదాంతో ఇంత సంపాదించిందంటే, మూల విజ్ఞానం మీద ఖర్చు దండగనేవాళ్లు ఓసారి ఆగి ఆలోచించాలి. అయితే వైఫైని ఆస్ట్రేలియావాళ్లే కనిపెట్టారనే ప్రచారం కూడా అతి. పాయలుగా చీల్చే ఆలోచన అంతకుముందే ఉంది. దాన్ని గదుల్లో పనిచేసేలా చేసిన ఘనత వారిది.

ఇక మన ఇంట్లోకి వద్దాం. రౌటర్ ఏం చేస్తోందో దగ్గరగా చూస్తే ఈ చరిత్రంతా అందులో నడుస్తూ కనిపిస్తుంది.

రౌటర్ సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరు చెబుతూ ఉంటుంది. ఎవరూ లేని ఇంట్లోనూ చెబుతుంది. ఫోను ఆ పేరు గుర్తుపట్టి, తన దగ్గరున్న పాస్‌వర్డ్‌తో తాళం కలుపుకుంటుంది. ఈ తంతులో పాస్‌వర్డ్ గాల్లోకి పోనే పోదు. ఇద్దరికీ అది తెలుసని లెక్కలతో రుజువు చేసుకుంటారు, అంతే. మొదట్లో వచ్చిన వెప్ అనే తాళం 2001 నాటికే పగిలిపోయింది, ఇప్పటికీ ఎవరి రౌటర్లోనైనా అది ఉంటే వెంటనే మార్చుకోవాలి.

మీరు ఓ ఫొటో పంపారనుకోండి. ఫోను ముందు గాలిని వింటుంది. పొరుగింటి రౌటరో, పక్క గదిలోని టీవీయో మాట్లాడుతుంటే ఆగుతుంది. నిశ్శబ్దం కాగానే వెంటనే దూకదు, ఎందుకంటే అలా కాచుకున్నవాళ్లు ఇంకా ఉండొచ్చు. సున్నా నుంచి లెక్కపెట్టి ఏదో ఒక సంఖ్య ఎంచుకుని, అన్ని చిన్న చిన్న విరామాలు ఆగి, అప్పటికీ నిశ్శబ్దమే అయితే ఓ ప్యాకెట్ పంపుతుంది. ఒక్కో విరామం 9 మైక్రోసెకన్లు. ఈథర్నెట్ తీగ మీద అయితే పంపుతూనే వినొచ్చు, ఢీకొంటే అప్పటికప్పుడు తెలుస్తుంది. వైఫై ఫోనుకు ఆ వీలు లేదు. తన సొంత ట్రాన్స్‌మిటర్ హోరులో ఎదుటివాడి సన్నని గొంతు వినపడదు. అందుకే మళ్లీ అబ్రామ్సన్ జవాబే దిక్కు: ప్యాకెట్ సరిగ్గా అందితే రౌటర్ 10 మైక్రోసెకన్లలో ‘అందింది’ అంటుంది. అనకపోతే ఫోను ఈసారి ఇంకా పెద్ద సంఖ్య ఎంచుకుని, ఇంకాస్త ఎక్కువ ఆగి మళ్లీ పంపుతుంది. హవాయిలో 80 అక్షరాల కోసం పుట్టిన నియమం మీ ఫొటో వెళ్లేలోపు వేలసార్లు నడుస్తుంది.

ఎదుటివాడిది సన్నని గొంతు అన్నాను. ఎంత సన్నమంటే, మామూలు రౌటర్ శక్తి వాటులో పదోవంతు ఉంటుంది. గోడలు దాటి ఫోను యాంటెన్నాకు చేరేసరికి అందులో పది కోట్లలో ఒక వంతు మిగిలినా ఫోను హాయిగా పనిచేస్తుంది. రౌటర్ మైక్రోవేవ్ ఓవెన్ పౌనఃపున్యాన్నే వాడుతుంది కదా, ఒంటికి ప్రమాదం కాదా అని భయపడేవాళ్లు ఈ లెక్క చూడాలి. ఓవెన్ ఎనిమిది తొమ్మిది వందల వాట్లను మూసిన ఇనప పెట్టెలో కుమ్మరిస్తుంది. రౌటర్ వెదజల్లేది దానికి వేలవంతుల్లోనిది, అదీ ఇల్లంతా పలచబడిపోతుంది.

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. ఇటుక గోడను ఓ మోస్తరుగా దాటుతుంది. ఇనుము దాటదు. నీరు దాన్ని తాగేస్తుంది. మన ఇళ్లలో రౌటర్‌ను బీరువా వెనక్కో, ఫ్రిజ్ పక్కకో, షోకేసు కింది అరలోకో నెట్టేసి, నెట్ రావడం లేదని కంపెనీకి ఫోను చేస్తాం. ఇంటి నడిమధ్య, మనిషి తల ఎత్తున, కళ్లకు కనిపించేలా పెడితే సగం తగాదా తీరిపోతుంది. అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఉంది. 2.4లో ఒకదాని మీద ఒకటి పడని దారులు మూడే: 1, 6, 11. ఇరవై ఇళ్ల రౌటర్లు ఆ మూడింటి మీదే వంతులు పడతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో దారులు చాలా ఎక్కువ, గోడలు దాటే సత్తా మాత్రం తక్కువ. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. దూరంగా, మూల గదిలో ఉన్న పాత ఫోను నెమ్మదిగా మాట్లాడుతుంది, ఒక్కో ప్యాకెట్‌కు ఎక్కువసేపు గాలిని పట్టి ఉంచుతుంది. దానివల్ల రౌటర్ పక్కనే ఉన్న కొత్త ఫోను కూడా నెమ్మదిస్తుంది. ఉమ్మడి చోటులో ఒకరి ఆలస్యం అందరిదీ.

మన దేశం ఈ ఊరుమ్మడిలోకి ఆలస్యంగా వచ్చింది. 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1933 వైర్‌లెస్ చట్టం బ్రిటిష్ వాళ్లు ఉద్యమకారుల మీద కన్నేసి ఉంచిన రోజుల్లో వచ్చినవి. వాటి నీడ స్వాతంత్ర్యం తర్వాతా పోలేదు. వినడానికి మాత్రమే పనికొచ్చే రేడియో పెట్టెకు సైతం పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో స్టాంపు వేయించుకోవడం 1980ల దాకా సాగింది. పెద్దవాళ్లకు ఆ పుస్తకం గుర్తుండే ఉంటుంది. 2005 జనవరి 28న కేంద్రం నియమాలు ప్రకటించి 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదంది. 5 గిగాహెర్ట్జ్‌లో ఆరుబయట వాడకానికి విశాలంగా తలుపు తీసింది 2018లో.

అంతకుముందే, 2002లో, కాన్పూర్ ఐఐటీలో ఓ ప్రయోగం మొదలైంది. గదిలో పనిచేయడానికి చేసిన వైఫైని పల్లె నుంచి పల్లెకు, కిలోమీటర్ల దూరం పంపగలమా? ఒకవైపే చూసే యాంటెన్నాలను ఎత్తయిన స్తంభాల మీద నిలబెట్టి ఎదురెదురుగా గురి పెడితే తరంగం చేరింది. భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు తదితరులు దాని మీద రాసిన పరిశోధన పత్రాలు ఈ రంగంలో అందరూ చదివేవి. అదే బాటలో మన పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలను కలుపుతూ బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ అనే ప్రాజెక్టు చేపట్టింది. డెల్టా నేల బల్లపరుపు, కొండలు అడ్డం రావు, కానీ చెట్లు వస్తాయి. వాటి తలల మీదుగా తరంగం పోవాలి కాబట్టి స్తంభం ఎత్తు పెంచాలి. ఇలాంటి నెట్‌వర్కుల్లో రేడియో చవకే, ఖర్చంతా ఆ స్తంభాలదే. పల్లెలో కూర్చుని దూరాన ఉన్న వైద్యుడితో, ఉపాధ్యాయుడితో తెర మీద ముఖాముఖి మాట్లాడటం ఆ రోజుల్లో పెద్ద విషయం. తమిళనాడులో తేని అరవింద్ కంటి ఆసుపత్రి కూడా బర్కిలీ పరిశోధకుల సాయంతో ఇలాంటి లింకుల మీదే పల్లెల్లోని రోగులను చూసింది.

దూరం పెరిగితే అబ్రామ్సన్ నియమం ఎలా తడబడుతుందో చూడండి. వైఫై పుట్టింది వంద మీటర్ల కోసం. ‘అందింది’ అనే జవాబు క్షణాల్లో వస్తుందని ఫోను ఎదురుచూస్తుంది. 20 కిలోమీటర్లు వెళ్లి రావడానికి కాంతికే 133 మైక్రోసెకన్లు పడుతుంది. జవాబు దారిలో ఉండగానే, రాలేదనుకుని యంత్రం మళ్లీ పంపేస్తుంది. అటు అదీ అందుతుంది, ఇటు దీనికి తెలియదు. ఇంకో చిక్కు, ఒకే స్తంభం మీద నాలుగు దిక్కులకూ నాలుగు యాంటెన్నాలుంటే ఒకటి పంపేటప్పుడు పక్కది వినలేదు. రామన్, చేబ్రోలు 2005లో సూచించిన పరిష్కారం సూటిగా ఉంటుంది: స్తంభం మీదున్నవన్నీ ఒకేసారి పంపాలి, తర్వాత అన్నీ ఒకేసారి వినాలి. వింటూ వంతుల కోసం కాచుకునే పాత మర్యాదను పూర్తిగా పక్కనపెట్టారు. పల్లె అవసరం ఓ కొత్త నియమాన్నే పుట్టించింది.

2016లో రైల్‌టెల్, గూగుల్ కలిసి స్టేషన్లలో ఉచిత వైఫై పెట్టినప్పుడు ఏప్రిల్ నాటికే విజయవాడ, కాచిగూడ, విశాఖపట్నం ఆ జాబితాలో ఉన్నాయి. 2018కి అది 400 స్టేషన్లకు చేరింది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని పోటీ పరీక్షల పాఠాలు దించుకున్న పిల్లలకు ఆ సదుపాయం విలువ ఎంతో తెలుసు.

స్పెక్ట్రమ్ వేలం అంటే మనకు కోట్ల లెక్కలే గుర్తొస్తాయి. 2010లో 3జీ వేలం ప్రభుత్వానికి 67,719 కోట్లు తెచ్చింది. 2022లో 5జీ వేలం లక్షన్నర కోట్లు. 2.4 గిగాహెర్ట్జ్ ముక్క తెచ్చింది సున్నా. కానీ ఇంట్లో, కాలేజీలో, ఆసుపత్రిలో, కిరాణా కొట్టు కార్డు మిషన్లో రోజూ నడిచే పనిని తూకం వేస్తే, ఖజానాకు పైసా తేని ఆ ముక్క ప్రజలకు ఏ వేలంలోనూ రానంత తెచ్చింది. ఇప్పుడు ఇదే ప్రశ్న 6 గిగాహెర్ట్జ్ దగ్గర మళ్లీ వచ్చింది. అమెరికా 2020లో అక్కడ 1200 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వదిలేసింది. మన టెలికాం శాఖ 2025 మే నెలలో దిగువనున్న 500 మెగాహెర్ట్జ్‌కు ముసాయిదా నియమాలు ప్రకటించింది. పైభాగం తమకు కావాలని మొబైల్ కంపెనీలు అడిగాయి. ఇలాంటి ముసాయిదాల మీద అభిప్రాయం చెప్పే హక్కు కంపెనీలతో పాటు మామూలు పౌరులకూ ఉంది, ఆ హక్కును వాడుకోండి.

మొబైల్ కంపెనీలు తమ పౌనఃపున్యాన్ని ఎలా వాడతాయో, ఒకే ముక్కను ఊరంతా మళ్లీ మళ్లీ ఎలా వినియోగిస్తారో, సెల్ టవర్ కథ ఎక్కడ మొదలైందో వచ్చే భాగంలో చూద్దాం.